రాతిలో అలిఫ్

శిల్పం అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘తౌబా తౌబా’ అంటారు. ముందు గుర్తొచ్చేది బుత్ అనే మాటే. కానీ తారీఖ్ తిరగేస్తే, రాయికీ మనకూ ఉన్న రిష్తా అంత తేలిగ్గా తెగేది కాదనిపిస్తుంది నాకు.

సౌదీలో అల్‌ఉలా దగ్గర ఎర్ర ఇసుకరాతి మీద జుహైర్ అనే మనిషి తన పేరు చెక్కుకున్నాడు. హజ్రత్ ఉమర్ (రజి.) వఫాత్ అయిన కాలంలో, ఇరవై నాలుగో సంవత్సరంలో రాశానన్నాడు. అంటే హిజ్రీ 24, క్రీ.శ. 644. కాగితం కాదు, తోలు కాదు, ఎండకు కాలే బండ! కొన్ని హురూఫ్‌కు నుఖ్తాలు కూడా పెట్టాడు. నుఖ్తాలు చాలాకాలం తర్వాత వచ్చాయనే పాత వాదనకు ఆ బండే జవాబు. 2003లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

అదే ఇలాకాలో మదాయిన్ సాలెహ్ ఉంది. అజాబ్ దిగిన చోటని మనవాళ్లు అక్కడ ఆగడానికి జంకుతారు. అక్కడ కొండలు తొలిచి మఖ్బరాలు కట్టుకున్న నబాతీల లిపి నుంచే అరబ్బీ ఖత్ పుట్టిందని పండితులు చెబుతారు. మనం రోజూ చదివే అలిఫ్, బే వెనక ఆ రేగిస్తాన్ రాళ్లున్నాయన్నమాట.

1970లలో జిద్దా మేయర్ మొహమ్మద్ సయీద్ ఫార్సీ తన షహర్‌ను శిల్పాలతో నింపాలనుకున్నాడు. హెన్రీ మూర్, మీరో వంటి వాళ్ల పనులు తెప్పించాడు. షరతు ఒక్కటే: మనిషి ఆకారం ఉండకూడదు. ఆ షరతు కళను చంపిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. మొహం వద్దన్నప్పుడే హురూఫ్ ఒంపులు, ఇసుక తిన్నెల వాలు, గాలి కోసిన బండలు శిల్పికి ముడిసరుకయ్యాయి.

అయితే కలం గీసింది ఉలికి అంత సులువుగా లొంగదు. సిరా గీత సన్నబడి మాయమైనా అందమే. రాయి అంత సన్నబడితే విరుగుతుంది. అలిఫ్ నిటారుగా నిలుస్తుంది సరే, నూన్ గిన్నెను నిలబెట్టాలంటే బరువు ఎక్కడ ఆనుతుందో లెక్క చూడాలి. మన గోల్కొండ కుతుబ్‌షాహీ మఖ్బరాల్లో నల్లరాతి సమాధుల మీద సంగ్‌తరాష్‌లు చుట్టూ రాయి తీసేసి అక్షరాన్ని పైకి తేల్చారు. అది వేరే ఉపాయం. కూడలిలో నిలబెట్టే రాయికి వెనకవైపు కూడా ఉంటుంది.

2019 నుంచి రియాద్‌లో తువైఖ్ శిల్పోత్సవం జరుగుతోంది. ఆ పేరు ఊరి పక్కన సుమారు 800 కిలోమీటర్లు సాగే సున్నపురాతి కొండవరుసది. దేశదేశాల శిల్పులు జనం ముందే రాయి కోస్తారు, తయారైనవి షహర్‌లో బహిరంగ స్థలాల్లో నిలుపుతారు. కొన్ని మాత్రం హోటల్ లాబీకి చేసినంత నున్నగా ఉంటాయి, దాచడమెందుకు! ఉలి దెబ్బ కనిపించేవే నాకు నచ్చుతాయి, జుహైర్ బండలాగా.