‘అందారె’: ఒక ఇటాలియన్ క్రియలో రెండు ధాతువుల చరిత్ర

ఇటాలియన్ భాషలో ‘వెళ్లు’ అనే అర్థాన్నిచ్చే క్రియ ‘అందారె’. దీని వర్తమానకాల రూపాలన్నీ ఒకే ధాతువు నుండి ఏర్పడినవి కావు. ‘వాదో’ (వెళ్తాను), ‘వాయ్’ (వెళ్తావు), ‘వా’ (వెళ్తాడు), ‘వాన్నో’ (వాళ్లు వెళ్తారు) ఒక వర్గం. ‘అందియామో’ (వెళ్తాము), ‘అందాతె’ (మీరు వెళ్తారు) మరొక వర్గం. ఊనిక ధాతువుపై పడేచోట మొదటి వర్గం, ప్రత్యయంపై పడేచోట రెండవది నిలిచాయి. సంస్కృతంలో ‘దృశ్’ ధాతువుకు ‘పశ్య’ ఆదేశమైనట్లే ఇక్కడ కూడా ఒకే క్రియలో రెండు ధాతువులు కలిశాయి.

సంప్రదాయ లాటిన్‌లో ఈ అర్థానికి ప్రధాన క్రియ ‘ఈరె’. ‘ఈస్’, ‘ఇత్’, విధ్యర్థకమైన ‘ఈ’ వంటి దాని రూపాలు ఏకాక్షరాలు. ధ్వనిపరంగా బలహీనమైన ఈ రూపాల స్థానాన్ని వ్యవహారంలో ‘వాదెరె’ ఆక్రమించింది. దీని తొలి అర్థం ‘వడిగా ముందుకు సాగు’. క్రీ.శ. 4వ శతాబ్ది చివర జెరోమ్ చేపట్టిన లాటిన్ బైబిలు అనువాదంలో ‘వెళ్లుము’ అనడానికి ‘వాదె’ విరివిగా కనిపిస్తుంది. ‘వాదో’ వర్గానికి మూలం ఇదే.

‘అందారె’ వ్యుత్పత్తి మాత్రం వివాదాస్పదం. ‘నడుచు’ అనే అర్థంగల ‘అంబులారె’ దీనికి మూలమని ఒక వాదం. అర్థం పొసగినా, ‘ంబుల’ అనే ధ్వనుల నుండి ‘ంద’ రావడం క్రమమైన పరిణామం కాదు. అదే పదం నుండి రుమేనియన్‌లో ‘ఉంబ్లా’ క్రమబద్ధంగా ఏర్పడింది. ‘చుట్టి వచ్చు’ అనే అర్థంలో ఊహించిన ‘అంబితారె’ మూలమని మరొక వాదం. ధ్వనిపరంగా ఇది మెరుగైనదే కాని, ఇది పునర్నిర్మిత రూపం.

వ్యాకరణంలో ఈ క్రియ సంయుక్త భూతకాలానికి ‘ఉండు’ అనే అర్థంగల ‘ఎస్సెరె’ సహాయక్రియ అవుతుంది. అందువల్ల కృదంతం కర్త లింగవచనాలను అనుసరిస్తుంది: పురుషుడైతే ‘అందాతో’, స్త్రీ అయితే ‘అందాతా’. మరొక క్రియ కృదంతంతో చేరినపుడు గమనార్థం పోయి విధాయకార్థం వస్తుంది: ‘వా ఫాత్తో’ అంటే ‘చేయవలసి ఉంది’.

తెలుగులో ‘వచ్చు’, ‘రా’ రూపాలు కూడా చూపునకు భిన్న ధాతువులుగా తోస్తాయి. అయితే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వాటిని తమిళ ‘వరు’తో కలిపి ఒకే ఆరోపంలో చేర్చింది. ‘వర్’ అనే మూలంలో వర్ణవ్యత్యయం జరిగి, ఆది వకారం లోపించగా ‘రా’ మిగిలింది. ఇటాలియన్‌లో రెండు ధాతువులు ఒకే క్రియగా కలిసిపోతే, తెలుగులో ఒకే ధాతువు రెండుగా కనిపిస్తున్నది. రూపసామ్యం గాని రూపభేదం గాని వ్యుత్పత్తికి ప్రమాణం కాదని, క్రమబద్ధమైన ధ్వనిపరిణామమే నిర్ణాయకమని ఈ రెండు ఉదాహరణలు నిరూపిస్తున్నాయి.