పండుగ వంటల పద్దు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. లెక్కలు వ్రాసి జీవించువాడను. సాయంకాలములందు ఈ గ్రంథాలయములోని కావ్యములను నిఘంటువు సాయమున కూడబలుకుకొని చదివినవాడను. రాజవంశములను గూర్చియు, శాసనములను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో నున్నారు. కావున ప్రతి యింటను ఏటేట జరుగుచు, ఏ పుస్తకమునందును జమకట్టబడక పోవుచున్న మన పండుగ వంటల చరిత్రను గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందును.

ఈ తలంపు నాకు కలిగినది మన గ్రామమున గాదు, హైదరాబాదులోని తార్నాకలో. మా పెద్దకుమారు డచ్చట కాపురమున్నాడు. మా తల్లిగారు కాలధర్మము నొందిన తరువాత వచ్చిన మొదటి సంక్రాంతికి నేనును, నా భార్యయు అచ్చటికి పోయితిమి. భోగికి రెండు దినములు ముందుగా కోడలు నా కడకు వచ్చి, "మామయ్యా, ఈసారి నాయనమ్మ చేసే అరిసెలే చేద్దామనుకుంటున్నాను. కొలత చెప్పండి" అని యడిగెను. నా భార్య ముప్పది సంవత్సరములు అరిసెలను చెక్కలతో నొత్తినదే గాని పాకము పట్టిన దెరుగదు. ఆ పని మా తల్లిగా రెవ్వరికిని విడిచిపెట్టెడివారు కారు. నాకు మాత్రము ఆమె నోట విన్న మాట యొకటి జ్ఞాపకముండెను: "మానెడు బియ్యానికి సేరు బెల్లం." సేరనగా ఎనుబది తులములు, నేటి లెక్కకు 933 గ్రాములు. ఇది చెప్పితిని. మానెడనగా నెంత యని కోడలడుగగా, "కిలో ఉంటుందిలే" అంటిని. లెక్కలు వ్రాయువాని నోట "ఉంటుందిలే" యను మాట రాకూడదు, వచ్చెను.

బియ్యము ఒక రాత్రియు నొక పగలును నానినవి. తడిపిండి మెత్తగా వచ్చెను. పాకమును నీళ్ళలో వేసిచూడగా ఉండ కట్టెను. అన్నియు సరిగానే యున్నవి. కాని మొదటి అరిసె నూనెలో పడినంతనే విచ్చిపోయి, బెల్లము నురుగై, మూకుడంతయు నల్లబడెను. రెండవదియు నంతే. మూడవదానిని వేయుటకు కోడలి చేయి రాలేదు. మా మనుమడు ఆ ముక్కలను పళ్లెములో నేరుకొని, "ముసలమ్మ అరిసెలు ఇట్లానే ఉంటాయా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నేనేమియు బదులు చెప్పలేకపోయితిని.

ఊరికి తిరిగివచ్చిన తరువాత మా తల్లిగారి ఇత్తడి మానికను అటుక మీదినుండి దింపి, తలగొట్టి బియ్యము కొలిచి, తూనికలో వేసితిని. 1,400 గ్రాములు తూగెను. పొరుగింటి మానికను తెచ్చి కొలువగా 1,600 తూగెను. ఒకే వీథిలో రెండు మానికలు, రెండు లెక్కలు! మా మానికను బట్టి కిలో బియ్యమునకు 667 గ్రాముల బెల్లము చాలును. మేము తార్నాకలో వేసినది 933. అరిసె విచ్చిపోక యేమగును?

పూర్వము నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. లెక్క యెల్లెడల నొక్కటియే గాని పాత్ర మాత్రము ఊరూరికి మారెడిది. 1956లో తూనికలకు, కొలతలకు దేశమంతటికి నొకే చట్టము వచ్చెను. 1958 మొదలు మెట్రిక్ తూకములు క్రమముగా అమలునకు వచ్చినవి. అది మంచి పనియే. అంగడిలో మోసము తగ్గెను, పద్దులు సులువయ్యెను. కాని ఇంటి వంటలన్నియు పాతపాత్రను నమ్ముకొని యున్నవి. ఆ పాత్ర అటుక నెక్కినప్పుడు వంట కూడ దానితోపాటు అటుక నెక్కినదని ఎవ్వరును గమనింపలేదు.

తార్నాకలో నున్నన్నాళ్లు ప్రొద్దున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో నడచుట నాకు వాడుక. తార్ అనగా తీగ, నాకా అనగా కావలిచోటు; పూర్వము తీగ కంచెతో నుండిన కావలిచోటు వలన ఆ పేటకీ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. తరగతులు 1919లో నారంభమైనవి. ఏడవ నిజాము 1934లో శంకుస్థాపన చేసిన ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభోత్సవము నందెను. ఆ రాతి మెట్ల ముందు నిలిచినప్పుడు మనిషి తానెంత చిన్నవాడో తెలియును.

ఆ 1918వ సంవత్సరముననే ఇచ్చటికి బహుదూరమున, నీలగిరులలోని కూనూరులో, ఒక చిన్న ప్రయోగశాల పుట్టెను. రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ మొదలిడెను. ఈ వ్యాధి మనకు పరాయిది కాదు. నాటి మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాలలో, అనగా మన తెలుగు కోస్తాలో, అది పాతుకొని యుండెను. బియ్యమును మరలో వేసి తెల్లగా పాలిషు పట్టినప్పుడు తవుడుతోపాటు ఒక ముఖ్యమైన విటమిను పోవుటయే దానికి మూలము. దంపుడు బియ్యము తినువారికిని, ఉప్పుడు బియ్యము తినువారికిని దాని బాధ తక్కువ. తెల్లని అన్నము గొప్పతనమునకు గుర్తని తలచి, గొప్పవారమగుటకు ప్రాణము నిచ్చుకొంటిమన్నమాట.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, తార్నాకలో ఈ విశ్వవిద్యాలయమునకు చేరువనే నెలకొని, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. ఒకే యేట పుట్టిన రెండు సంస్థలు నలువది సంవత్సరముల తరువాత ఇరుగుపొరుగులైనవి. డాక్టరు గోపాలన్ మొదలగు శాస్త్రజ్ఞు లచ్చట పనిచేసిరి. మన దక్కను పీఠభూమిలో జొన్న యొక్కటే తిను పేదలకు వచ్చు పెలాగ్రా యను వ్యాధిని వారు పరిశోధించిరి. మనము తిను ధాన్యములు, పప్పులు, ఆకుకూరలు, గింజలు ఒక్కొక్కటియు విశ్లేషించి పట్టికలు గట్టిరి. 2017లో వెలువడిన పట్టికలో 528 ఆహారపదార్థములు గలవు. నావంటివానికి ఆ పట్టిక కావ్యముతో సమానము. నూరు గ్రాముల నువ్వులలో వేయి మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. అంతే తూకము ఆవుపాలలో నూట యిరువది ప్రాంతమున మాత్రమే. అందెంత ఒంటబట్టునన్నది వేరు మాట. అయినను చలికాలపు పండుగకు సకినాలలో, అరిసెలలో నువ్వులు చల్లిన మన పూర్వికురాండ్రు పట్టిక చూచి చల్లలేదు గదా!

ఇక కావ్యముల మాట. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టిన భోజనమును వర్ణించెను. వానకాలమున వరుగులు, వడియములు. చలికాలమున మిరియపు కారముతో వేడి కూరలు, కాగిన నేయి. వేసవిని మజ్జిగ, చెరకుపాలు, లేతకొబ్బరి నీళ్లు. అందు మిరియమే గాని మిరపకాయ కనబడదు. మిరప అమెరికా ఖండమునందు పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో మన తీరమునకు వచ్చినది. వేరుసెనగయు, టమాటయు నట్లే వచ్చినవి. మన తాతముత్తాతల నాటివని మనము చెప్పుకొను పచ్చళ్లు కొన్ని రాయలవారు రుచి చూచి యెరుగరు. సంప్రదాయమనగా మారనిది కాదు. మారుచునే ఇంటిదై పోవునది.

క్రీడాభిరామములో ఓరుగల్లు పూటకూటింట రూక కిచ్చిన భోజనము గలదు: మేలి బియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పెసరపప్పు, ఆవునేయి, అరటిపండ్లు, గడ్డపెరుగు. ఇట్టి పద్యముల నేరి, సామాన్యుల తిండియు బట్టయు చరిత్రయేనని చాటినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించెను. అది తెలుగునకు వచ్చిన మొదటి అకాడమీ బహుమతి. ఆ గ్రంథము మన బీరువాలో నున్నది. చదువనివారు చదువుదురు గాక. ఉస్మానియా తెలుగు శాఖలో బిరుదురాజు రామరాజుగారు పల్లెల స్త్రీల పాటలను, జానపద గేయములను సేకరించి పరిశోధించి వానికి విద్వత్సభలో పీట వేసిరి. రోకటిపాట గ్రంథమున కెక్కెను. ఆ రోకటి క్రింది పిండి యే వంటకు, ఎంత యన్నది మాత్రము ఎక్కలేదు.

ఇదియే నా ఫిర్యాదు. కావ్యములలో వంట పేరు గలదు, క్రీడాభిరామములో ధర కూడ గలదు. శాస్త్రజ్ఞుల పట్టికలో సారము గలదు. చేయు విధమును, కొలతయు ముసలమ్మల చేతులలో నున్నవి. ఆ చేతులు ఒక్కొక్కటిగా వెడలిపోవుచున్నవి.

మన తెలంగాణపు పండుగలను చూడుడు. బతుకమ్మ తొమ్మిది దినములును తొమ్మిది పేర్లు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యము బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ యని నైవేద్యమును బట్టియే దినమునకు పేరు వచ్చినది. నడుమ అలిగిన బతుకమ్మనాడు నైవేద్యమే లేదు. సద్దులనాడు పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులు ఒక్కొక్కటి యొక్కొక్క సద్ది. పైగా రొట్టెలు నలిపి బెల్లము కలిపిన మలీద. బోనమను మాటయే భోజనము నుండి పుట్టినది. ఉగాదినాటి బచ్చాలు సంస్కృతపు భక్ష్యములే. మరాఠీవారి పూరణపోళీయు, కన్నడిగుల హోళిగయు వాని తోబుట్టువులు. పూర్వపు హైదరాబాదు రాజ్యములో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు మూడును కలిసి యుండెను గనుక, ఆ జిల్లాల విద్యార్థులు ఉస్మానియా వసతిగృహములలో ఒకే గదిలో ఈ మూడు పేర్లతో ఒకే వంటను పంచుకొని యుందురు.

ఆ పంపకము నేటికిని గలదు. సంక్రాంతి సెలవులు ముగిసి విద్యార్థులు తిరిగివచ్చు దినములలో చూచితిని: బస్సు దిగు ప్రతి పిల్లవాని చేతను ఒక డబ్బా. ఒకరి డబ్బాలో సకినాలు, ఒకరి డబ్బాలో గారెలు, మరియొకరి దానిలో నువ్వులుండలు. మా కుమారుని వాటాలో రంజాను నాడు క్రిందింటినుండి షీర్‌ఖుర్మా వచ్చును, క్రిస్మసునకు ఎదురింటినుండి కేకు వచ్చును, మా యింటినుండి వారికి సకినాలు పోవును. వట్టి గిన్నెను తిరిగి పంపరాదను నియమము మన పల్లెలోనిదే. ఆ మూడంతస్తుల మేడ మీదను అది చెల్లుచున్నది. పట్టణమునకు పోగానే మన సంప్రదాయము నశించునని విలపించుట నిజము కాదు. పోయినచోట అది గిన్నెలు మార్చుకొనును, అంతే.

మరియొక మార్పును గూడ పద్దున వ్రాయవలెను. మా బాల్యమునకు పూర్వము మన ప్రాంతపు పేదయింట జొన్నరొట్టె, సంకటి నిత్యము. వరియన్నము పండుగనాటి మాట. సకినాలకు, అరిసెలకు అంత గౌరవము వచ్చినది అవి బియ్యముతో నైనవగుటచేతనే. కాలువలు, బోర్లు, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యపు పథకము ఈ వరుసను తారుమారు చేసినవి. అన్నము నిత్యమాయెను, ఆకలి తగ్గెను, ఇది శుభము. జొన్న మాత్రము వైద్యుడు చెప్పిన పిమ్మట వెల పెట్టి కొనుక్కొను వస్తువాయెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినప్పుడు, నాయనమ్మ సంకటికి సభలో సన్మానము జరిగినట్లు నాకు తోచెను.

మా తల్లిగారు సద్దులనాడు చేయు నువ్వుల సద్దిలో, వేయించిన నువ్వులు, ఎండుమిరప, ఉప్పు గాక, మరేదో యొకటి చిటికెడు వేసెడివారు. దాని వాసన నాకిప్పటికిని తెలియును, పేరు తెలియదు. నా భార్య మెంతులనును, మా చెల్లెలు ఇంగువ యనును. రెండును వేసి చూచితిమి, కాదు. నలుబదియేండ్లు ఊరివారి భూముల లెక్కలు, అప్పుల లెక్కలు, పంటల లెక్కలు మూడు బీరువాలకు సరిపడ వ్రాసితిని. తల్లి పక్కన పీట వేసుకొని కూర్చుండి ఒక్క పుట వ్రాసికొననైతిని. ఆ తప్పు నాదియే.

కనుక ఈ రజతోత్సవ సందర్భమున నాదొక మనవి. మన గ్రంథాలయములో గట్టి అట్టతో నొక పెద్ద పుస్తకము నుంచుదము. ప్రతి యింటినుండియు ఒక పెద్దామె తన పండుగ వంట నొకదానిని చెప్పవలెను. చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను. మానెడని చెప్పిన మానెడని వ్రాసి, ఆ యింటి మానికనే తెచ్చి తూచి, గ్రాములు పక్కన వేయవలెను. తూనికయు, కలమును నేను తెచ్చెదను. మొదటి పుట కూడ నాదియే: కిలో బియ్యమునకు 667 గ్రాముల బెల్లము.

ఈ లెక్క ప్రకారము మరుసటి యేడు తార్నాకలో మా కోడలు అరిసెలు చేసెను. విచ్చిపోలేదు. మనుమడు రెండు తిని, మూడవదానికి చేయి చాచెను. నువ్వుల సద్ది పుట మాత్రము ఖాళీగా విడిచితిని. మా తల్లిగారితో కలిసి బతుకమ్మ ఆడిన పెద్దమ్మ లెవరైన దానిని పూరింపగలరేమోయని యాశ.