దిగేది మా రేణిగుంటలోనే

విమానం టికెట్టు మీద తిరుపతి అని ఉంటుంది. చక్రాలు నేలకు తగిలేది మాత్రం రేణిగుంటలో. తిరుపతికి పదిహేను కిలోమీటర్లు ఇవతల, శ్రీకాళహస్తి పోయే రోడ్డు పక్కన ఉంది విమానాశ్రయం. దిగినవాళ్లు మాత్రం ఇంటికి ఫోన్ చేసి ‘తిరుపతి వచ్చేశాం’ అనే చెబుతారు. ఊరివాళ్లం కాబట్టి ఆ మాత్రం పట్టింపు మాకు ఉంటుంది. మా ఊరి పేరు మర్యాదగా పలికేది రైల్వే వాళ్లొక్కరే.

అందుకే రైలు సంగతి ముందు చెప్పాలి. మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్యంగా వేసుకుంటూ పోయిన పెద్దలైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆ దారిలో రేణిగుంట పడింది, తిరుపతి పడలేదు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా కాట్పాడి, పాకాల, గూడూరులను కలుపుతూ మీటర్ గేజి లైను వచ్చింది. అది తిరుపతిని తాకి, మా ఊళ్లో పెద్దలైనును కలిసింది. అలా రేణిగుంట జంక్షన్ అయింది. బొంబాయి వైపు నుంచో కడప వైపు నుంచో వచ్చే యాత్రికుడు ఇక్కడ దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, చిన్నబండి కోసం కాచుకోవాలి. ఆ కాచుకునే జనం మీదే మా ఊళ్లో కాఫీ హోటళ్లు బతికాయి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా కొండెక్కడమంటే కాలినడకన, లేదా డోలీలో. కాబట్టి రేణిగుంటలో ఒక పూట ఆలస్యమైనా ఎవరికీ లెక్క ఉండేది కాదు. ఇప్పుడు అరగంట ఆలస్యమైతే డ్రైవరు మీద అరుస్తున్నారు.

విమానం 1970ల్లో వచ్చింది. చిన్న భవనం, ఒకటీ అరా విమానం. ఆకాశంలో చప్పుడైతే పిల్లలు బడిలోంచి బయటికి పరిగెత్తే రోజులవి. అసలు మార్పు 2015 అక్టోబర్ 22న, విజయదశమి నాడు జరిగింది. ప్రధాని మోదీ అమరావతికి శంకుస్థాపన చేసి, అదే రోజు ఇక్కడికి వచ్చి కొత్త టెర్మినల్ ప్రారంభించారు. గరుత్మంతుడి ఆకారం వచ్చేలా కట్టారు కాబట్టి గరుడ టెర్మినల్ అన్నారు. ఏడుకొండలవాడి వాహనం కదా, పేరు కుదిరింది. ఒకేసారి 500 మంది దేశీయ, 200 మంది విదేశీ ప్రయాణికులు పట్టేలా కట్టారు. ఈ 200 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

కొత్తగా వచ్చేవాళ్లకు నాలుగు మాటలు. టాక్సీ మాట్లాడుకునేటప్పుడు ‘తిరుపతికి’ అంటే ఒక రేటు, ‘కొండపైకి’ అంటే ఇంకో రేటు. ఎక్కడికో ముందే తేల్చుకోండి. కొండకు పోయే బండిని అలిపిరి దగ్గర ఆపి, సామాన్లన్నీ దింపించి చూస్తారు. మద్యం, మాంసం, సిగరెట్లు పైకి పోవు. దర్శనానికి మగవాళ్లు పంచో కుర్తా పైజామానో, ఆడవాళ్లు చీరో చుడీదారో కట్టుకుని రావాలి. ఈ సంగతి తెలియక క్యూ దగ్గర పంచె కొనుక్కునేవాళ్లు రోజూ కనిపిస్తారు. విమానంలో వచ్చేవాళ్ల కోసం టెర్మినల్‌లోనే శ్రీవాణి టికెట్ల కౌంటరు పెట్టారు; శ్రీవాణి ట్రస్టుకు విరాళం ఇచ్చినవాళ్లకు దక్కే దర్శనం టికెట్లవి. దాని నిబంధనలు మారుతూ ఉంటాయి, బయలుదేరేముందే కనుక్కోండి.

తిరుగు ప్రయాణంలో టెర్మినల్‌లో విమానం కోసం కాచుకునే హాలు చూసి తీరాలి. నున్నటి గుండ్లు, వాటి మీద ఆరిన గంధం, ఒళ్లో లడ్డూ సంచులు. కోటు వేసుకున్నాయన గుండూ, ఆయన చంకలో పసిపిల్ల గుండూ ఒకే తీరుగా మెరుస్తుంటాయి. లడ్డూకు అడ్డం చెప్పరు, యంత్రంలోంచి దూరి బయటికి వచ్చేస్తుంది. చిక్కల్లా ఎండుకొబ్బరితోనే. నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందని చెకిన్ లగేజిలో దాన్ని ఒప్పుకోరు. పూజలో ఇచ్చిన కొబ్బరి సామీ, ఎట్లా పారేసేది అని ప్రతి విమానానికీ ఎవరో ఒకరు బతిమాలుతుంటారు. ముందే తినేయండి, లేకుంటే డ్రైవరుకు ఇచ్చేయండి.

నాకు అసలు బాధ ఏంటంటే, వచ్చినవాళ్లంతా టెర్మినల్ దాటగానే తిరుపతి వైపు తిరుగుతారు. ఒక్క పూట ఆగి రెండో వైపు తిరిగితే ఏం పోతుంది? పాతిక కిలోమీటర్లలో శ్రీకాళహస్తి. అక్కడ కలంకారీ పనివాళ్లు వెదురు పుల్లకు గుడ్డపీలిక చుట్టి దాన్నే కలంగా చేసుకుంటారు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద అచ్చు లేకుండా చేత్తోనే రామాయణం గీస్తారు. దారిలో పాపానాయుడుపేట దగ్గర పక్కకు తిరిగితే గుడిమల్లం. పరశురామేశ్వరుడి గుడిలో అయిదడుగుల శివలింగం, దాని ముందువైపు చేతిలో వేటను పట్టుకుని యక్షుడి భుజాల మీద నిలబడ్డ వేటగాడి రూపం. క్రీస్తుకు పూర్వం ఒకటి రెండు శతాబ్దాల నాటిదని పండితుల్లో ఎక్కువమంది మాట. తిరుపతి ఊరికి పుట్టినరోజు చేసేవాళ్లు రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన 1130ని లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన గుడిమల్లం లింగం దానికంటే పన్నెండు పదమూడు వందల ఏళ్లు పెద్దది. ఎన్నిసార్లు పోయినా అక్కడ జనం పలచగానే ఉన్నారు. మధ్యాహ్నం దాటితే రేణిగుంటకు వెనక్కి వచ్చి, రోడ్డు పక్కన రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి తినండి. పెద్ద హోటల్లో ఆ రుచి రాదు.

ఇక ఆ 200 మంది సంగతి. ‘అంతర్జాతీయ’ అని పేరు పెట్టుకున్నాం, బోర్డు రాయించుకున్నాం. కానీ ఏళ్లు గడిచినా ఇక్కడి నుంచి రోజూ విదేశానికి పోయే విమానమంటూ ఒకటి లేకపోయింది. రన్‌వే 2286 మీటర్లు చాలదన్నారు, 3810 మీటర్లకు పొడిగించే పని చేపట్టారు. మరోవైపు రాజంపేట, కోడూరు, రాయచోటి ఊళ్ల నుంచి కువైట్‌కు పోయేవాళ్లు తరతరాలుగా పోతూనే ఉన్నారు. వాళ్లు కడప రోడ్డున రేణిగుంట దాకా వచ్చి, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై పట్టుకుంటారు. తిరుత్తణి 1960 దాకా అప్పటి మా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. చెన్నై మాకు పరాయి ఊరేం కాదు, 1953 దాకా రాజధాని కూడా అదే. కానీ కొడుకును సాగనంపడానికి ముసలి తల్లి రాత్రంతా జీపులో కూర్చుని అక్కడిదాకా పోనక్కర్లేదు కదా. కూతవేటు దూరంలో ఇంత టెర్మినల్ పెట్టుకుని ఆ జీపులను మేం రోజూ చూస్తున్నాం. చిత్తూరు టౌను వాళ్లయితే బెంగళూరు పోతారు, మా వైపు చూడరు.

దేవుడి కోసం వచ్చేవాళ్లకు రైలు నాటి నుంచీ అన్ని సౌకర్యాలూ అమరాయి, అందుకు సంతోషమే. కూలికోసం బయటికి పోయేవాళ్లకూ ఈ గడప దక్కాలి. దుబాయి షాపింగ్‌కో సింగపూర్ విహారానికో కాదు, రేణిగుంట నుంచి రోజూ ఎగిరే తొలి విదేశీ విమానం కువైట్‌కే వెయ్యండి.