చీలిన భుజాన్ని ఎప్పటివరకు కుట్టవచ్చు? క్రిస్టియన్ గెర్బర్ పరిశోధనలు చెప్పేదేమిటి

భుజం నొప్పితో ఎంఆర్‌ఐ తీయించుకున్నవారి నివేదికల్లో తరచుగా రెండు పదబంధాలు కనిపిస్తాయి. ఒకటి ‘రోటేటర్ కఫ్ టేర్’, రెండవది ‘ఫ్యాటీ ఇన్‌ఫిల్ట్రేషన్’. రోగిని మొదటిది కలవరపెడుతుంది. రెండవదాన్ని చాలామంది పట్టించుకోరు. అయితే శస్త్రచికిత్స చేస్తే ఫలితం నిలుస్తుందా లేదా అన్నది అంచనా వేసేటప్పుడు వైద్యుడు ముఖ్యంగా చూసే అంశాల్లో ఆ రెండవది ఒకటి. భుజం చిత్రాల్లో కనిపించేదానికీ, శస్త్రచికిత్సలో సాధ్యమయ్యేదానికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేసినవారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్థోపెడిక్ శస్త్రవైద్యుడు క్రిస్టియన్ గెర్బర్ ప్రముఖుడు. జ్యూరిక్‌లోని బాల్‌గ్రిస్ట్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ విభాగానికి ఆయన సుదీర్ఘకాలం నేతృత్వం వహించారు.

రోటేటర్ కఫ్ అంటే ఏమిటి?

భుజం కీలులో దండచేయి ఎముక తల పెద్దది. అది ఆనుకునే రెక్క ఎముకలోని గుంట చిన్నది, లోతు తక్కువ. అందువల్లనే చేయి అన్ని దిక్కులకూ తిరగగలుగుతుంది. అందువల్లనే ఆ కీలుకు సహజమైన స్థిరత్వం కూడా తక్కువ. ఆ లోటును నాలుగు కండరాలు భర్తీ చేస్తాయి. అవి సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్, టెరీస్ మైనర్, సబ్‌స్కాప్యులారిస్. రెక్క ఎముకపై మొదలయ్యే ఈ కండరాలు చివర గట్టి పట్టీల వంటి స్నాయువులుగా మారి, ఎముక తలను చుట్టి పట్టుకుంటాయి. ఈ నాలుగింటి సముదాయమే రోటేటర్ కఫ్. వయసుతో వచ్చే అరుగుదల వల్ల గానీ, దెబ్బ తగలడం వల్ల గానీ ఈ స్నాయువు ఎముక నుంచి ఊడిపోవడాన్నే కఫ్ చీలిక అంటారు.

యంత్రం లేకుండా చేసే పరీక్ష

గెర్బర్ పేరు వైద్య విద్యార్థులకు మొదట పరిచయమయ్యేది స్కానింగ్ ద్వారా కాదు, చేతితో చేసే ఒక పరీక్ష ద్వారా. భుజం ముందు వైపున ఉండే సబ్‌స్కాప్యులారిస్ స్నాయువు ఒక్కటే తెగిన 16 మంది రోగుల వివరాలను 1991లో ఆయన మరొక వైద్యునితో కలిసి ప్రచురించారు. రోగి తన చేతి వెనుక భాగాన్ని నడుముకు ఆనించి, అక్కడి నుంచి చేతిని వెనక్కి ఎత్తాలి. అలా ఎత్తలేకపోతే సబ్‌స్కాప్యులారిస్ తెగిందని అనుమానించాలి. దీనికి ‘లిఫ్ట్ ఆఫ్’ పరీక్ష అని పేరు. నొప్పి వల్ల చేతిని వీపు వెనక్కి తీసుకుపోలేనివారి కోసం, అరచేతితో పొట్టను నొక్కే ‘బెల్లీ ప్రెస్’ పరీక్షను 1996లో ఆయన బృందం వివరించింది. ఈ రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి.

కొవ్వు ‘చొరబడటం’ లేదు

చీలిన స్నాయువును కుట్టడమే సమస్యకు పరిష్కారమైతే, ఎంత ఆలస్యమైనా కుట్టవచ్చు. అలా ఎందుకు కుదరదో మొదట స్పష్టంగా చూపినది ఫ్రాన్స్‌కు చెందిన డానియల్ గుటాలియే బృందం. శస్త్రచికిత్సకు సిద్ధమైన 63 మంది రోగుల సీటీ చిత్రాలను పరిశీలించి, కండరంలో చేరిన కొవ్వును అయిదు దశలుగా 1994లో వారు వర్గీకరించారు. కొవ్వు అసలు లేకపోతే సున్నా దశ; సన్నని చారలుగా ఉంటే ఒకటి; కండరం కంటే తక్కువగా ఉంటే రెండు; కండరంతో సమానంగా ఉంటే మూడు; కండరాన్ని మించితే నాలుగు. సీటీ కోసం రూపొందిన ఈ కొలమానాన్ని ఎంఆర్‌ఐకి అన్వయించవచ్చా అన్న విషయాన్ని 1999లో గెర్బర్ బృందం పరీక్షించింది. నేటి ఎంఆర్‌ఐ నివేదికల్లో కనిపించే దశల సంఖ్యకు మూలం ఈ రెండు పరిశోధనలే.

‘ఇన్‌ఫిల్ట్రేషన్’ను తెలుగులో ‘చొరబాటు’ అంటే, కొవ్వు బయటి నుంచి వచ్చి కండరంపై దాడి చేసినట్లు ధ్వనిస్తుంది. జ్యూరిక్ బృందం 2004లో ప్రతిపాదించిన వివరణ వేరు. ఈ కండరాల్లోని పోగులు ఈకలోని పీచుల్లాగా ఏటవాలుగా అమరి ఉంటాయి. స్నాయువు ఊడినప్పుడు కండరం వెనక్కి ముడుచుకుపోతుంది. అప్పుడు పోగుల వాలు పెరిగి వాటి మధ్య ఖాళీలు ఏర్పడతాయి. కొవ్వు, పీచు కణజాలం ఆ ఖాళీలను నింపుతాయి. అంటే కొవ్వు వచ్చి కండరాన్ని చెడగొట్టడం లేదు. కండరం కుంచించుకుపోయిన చోట కొవ్వు చేరుతున్నది.

ఈ మార్పు వెనక్కి మళ్లుతుందా? గొర్రెలపై జరిపిన ప్రయోగంలో గెర్బర్ బృందం ఒక స్నాయువును కోసి, 40 వారాల తర్వాత తిరిగి అతికించింది. అతికిన తర్వాత కూడా కండరం పూర్వస్థితికి రాలేదు, చేరిన కొవ్వు తొలగిపోలేదు. మనుషుల విషయంలోనూ ఇటువంటి ధోరణే కనిపించింది. 29 భారీ చీలికలకు చేసిన కుట్టు ఫలితాలను 2000లో ప్రచురించినప్పుడు, ఎంఆర్‌ఐలో 34 శాతం మళ్లీ చీలినట్లు తేలింది. అయినా మళ్లీ చీలినవారిలో సైతం శస్త్రచికిత్సకు ముందుతో పోల్చితే నొప్పి, కదలిక మెరుగయ్యాయి. చిత్రంలో కనిపించే వైఫల్యం, రోగి అనుభవించే ఫలితం ఎల్లప్పుడూ ఒకటి కావని ఈ అధ్యయనం తెలిపింది.

కుట్టడం అసాధ్యమైన సందర్భాలకు మరో మార్గాన్ని గెర్బర్ అంతకు ముందే, 1988లో ప్రతిపాదించారు. వీపులోని విశాలమైన లాటిసిమస్ డోర్సి కండరపు చివరను విడదీసి, దానిని భుజంపైకి మళ్లించి, పోయిన స్నాయువు పనిలో కొంత భాగాన్ని దానిచేత చేయించడం ఆ పద్ధతి.

ఎక్స్‌రేలో ఒక కోణం

ఖరీదైన స్కానింగ్‌లే కాక, సాధారణ ఎక్స్‌రే కూడా కొత్త విషయం చెప్పగలదని 2013లో ఆయన బృందం చూపింది. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో రెక్క ఎముక గుంట పై అంచును, కింది అంచును కలుపుతూ ఒక గీత గీయాలి. కింది అంచు నుంచి, భుజంపై చూరులాగా ముందుకు వచ్చిన అక్రోమియన్ ఎముక బయటి కొసకు మరొక గీత గీయాలి. రెండు గీతల మధ్య ఉండేదే ‘క్రిటికల్ షోల్డర్ యాంగిల్’.

ఆరోగ్యంగా ఉన్న కఫ్ గలవారిలో ఈ కోణం సగటున 33.1 డిగ్రీలు. కఫ్ చీలినవారిలో 38.0; కీలు అరిగినవారిలో 28.1. ఈ అధ్యయనంలో కోణం 35 డిగ్రీలు మించినవారిలో 84 శాతం కఫ్ చీలిన వర్గానికి, 30 డిగ్రీల కంటే తక్కువ ఉన్నవారిలో 93 శాతం కీలు అరిగిన వర్గానికి చెందారు. దీనికి చెప్పిన కారణం యాంత్రికమైనది. చూరు ఎక్కువగా బయటికి ఉంటే డెల్టాయిడ్ కండరం ఎముక తలను పైకి లాగే బలం పెరుగుతుంది, దానిని నిలువరించడానికి సుప్రాస్పినేటస్ అదనంగా శ్రమించాలి. చూరు పొట్టిగా ఉంటే ఒత్తిడి గుంటవైపు పెరిగి మృదులాస్థి అరుగుతుంది.

అయితే తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు. రోగి నిలబడిన తీరు కొద్దిగా మారినా కొలత మారుతుంది. పైగా రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేల్చలేం.

సవరణకు లోనైన నిర్ణయాలు

ఈ రంగంలో ఏ నిర్ణయమూ శాశ్వతం కాదనడానికి గెర్బర్ మరొక పరిశోధనే ఉదాహరణ. దండచేయి ఎముక తలకు రక్తం అందించడంలో ముందు వైపు ధమనిది ప్రధాన పాత్ర అని 1990లో ఆయన బృందం పేర్కొంది. భుజం ఎముక విరిగినవారికి చేసే చికిత్సపై ఈ భావన ప్రభావం చూపింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2010లో, న్యూయార్క్ పరిశోధకులు ఎంఆర్‌ఐ సాయంతో కొలిచి చూస్తే, రక్తంలో 64 శాతం వెనుక వైపు ధమని నుంచే అందుతున్నట్లు తేలింది.

అదే విధంగా, అక్రోమియన్ అడుగు భాగాన్ని చెక్కివేసే శస్త్రచికిత్స ఏళ్ల తరబడి విస్తృతంగా జరిగింది. బ్రిటన్‌లో 313 మంది రోగులపై జరిపి 2018లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఎముకను చెక్కినవారికీ, కీలులోకి పరికరం పంపి చూసి చెక్కకుండా వదిలివేసినవారికీ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

రోగి తెలుసుకోవలసినవి

చీలిక కనిపించిన ప్రతి భుజానికీ శస్త్రచికిత్స అక్కరలేదు. భుజంలో ఏ ఇబ్బందీ లేని 96 మందికి ఎంఆర్‌ఐ తీసి 1995లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, 34 శాతం మందిలో పూర్తిగానో పాక్షికంగానో చీలికలు బయటపడ్డాయి. 60 ఏళ్లు దాటినవారిలో ఈ సంఖ్య 54 శాతం. వారికి నొప్పి లేదు. కాబట్టి నొప్పి ఉన్న వ్యక్తిలో చీలిక కనిపించినా, నొప్పికి కారణం అదేనని వెంటనే నిర్ధారించలేం. కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్, మెడ నరాల ఒత్తిడి వంటివి కూడా భుజం నొప్పిగానే మొదలవుతాయి.

మరోవైపు, దెబ్బ తగిలిన వెంటనే చేయి ఎత్తలేకపోతే ఆలస్యం చేయడం మంచిది కాదు. అప్పటివరకు బాగా పనిచేసిన స్నాయువు హఠాత్తుగా తెగితే, కండరం ముడుచుకుపోయి కొవ్వు చేరకముందే దాన్ని కుట్టే అవకాశం ఉంటుంది. నెలల తరబడి నూనె మర్దనతో, నొప్పి మాత్రలతో కాలం గడిపితే ఆ అవకాశం చేజారవచ్చు.

వైద్యుని వద్దకు నివేదిక తీసుకువెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడం ఉపయోగకరం. చీలిక పూర్తిగా ఉందా, పాక్షికమా? స్నాయువు ఎంత దూరం వెనక్కి జరిగింది? కండరంలో కొవ్వు ఏ దశలో ఉంది? తన నొప్పికి, బలహీనతకు ఈ చీలికే కారణమని చేతితో చేసిన పరీక్షలో కూడా తేలిందా? శస్త్రచికిత్సా, వ్యాయామ చికిత్సా అన్న నిర్ణయం ఈ నాలుగు జవాబులతో పాటు రోగి వయసు, వృత్తి, రోజువారీ అవసరాలను బట్టి జరగాలి.