తోకపిగిలిపిట్ట: బాన్సువాడ పరిసరాల్లో ఉనికి, గూడుకట్టే తావులు

తోకపిగిలిపిట్ట (శాస్త్రనామం: టెర్ప్సిఫోన్ పారడిసి) చెట్ల నీడను వదలని చిన్న అడవిపిట్ట. ఒంటి పొడవు 19–22 సెంటీమీటర్లు. ఈడొచ్చిన మగపిట్టకు తోకలోని నడిమి ఈకలు రెండు 24 సెంటీమీటర్ల దాకా సాగి రిబ్బన్లలా వేలాడుతాయి. తలమీది జుట్టు చూస్తే పిగిలిపిట్టే (బుల్‌బుల్) గుర్తొస్తుంది కాబట్టి పేరు అతికినట్టు కుదిరింది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ 1860లలో వెలువరించిన భారత పక్షుల గ్రంథంలో ఈ తెలుగు పేరును నమోదు చేశాడు. మధ్యప్రదేశ్‌కు ఇది రాష్ట్రపక్షి, అక్కడ దూధ్‌రాజ్ అంటారు.

మధ్య ఆసియా కొండల నుంచి శ్రీలంక దాకా దీని విస్తృతి. మూడు ఉపజాతులున్నాయి. ఉత్తరాన తియాన్‌షాన్, అఫ్గానిస్తాన్, కశ్మీర్‌లలో పిల్లలు చేసేవి చలికాలానికి దక్షిణానికి దిగివస్తాయి. మధ్య, దక్షిణ భారతాలది వేరే ఉపజాతి, శ్రీలంకది మరొకటి. అందుకే దక్కనులో జనవరిలో పిట్ట కనబడినంత మాత్రాన అది ఇక్కడే గూడు కడుతుందని రాసుకోవడం తొందరపాటు. మే నుంచి జులై మధ్య కనబడితేనే ఆ మాటకు బలం.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ చుట్టూ ఎక్కువగా కనిపించేది వరి. మంజీరపై 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ కాలువల చలవ అది. తోకపిగిలిపిట్టకు పొలం బాగా తేమగా ఉన్నా పనికిరాదు, దానికి కావలసింది నీడ. ఆగ్నేయ దిక్కున పోచారం అభయారణ్యం (1952) వంటి ఆకురాల్చే అడవుల్లో టేకు, మోదుగ, తునికి వేసవిలో బోడిగా నిలబడతాయి. అలాంటప్పుడు వాగు ఒడ్డున పచ్చగా మిగిలిన గుబురు, వెదురు పొద, పాత మామిడితోట దీనికి అనువైన తావులు. నీటిమీదికి వంగిన కొమ్మ నుంచి మునక వేసి స్నానం చేయడం దీనికి ఇష్టం. ఎగిరే పురుగులను గాలిలోనే పట్టి తింటుంది.

సన్నటి కొమ్మ చివర గడ్డి, పుల్లలతో చిన్న గిన్నెలా గూడల్లి పైన సాలెగూడు పూస్తుంది. కొన్నిసార్లు పసులపోలిగాడి (బ్లాక్ డ్రోంగో) గూటికి దగ్గర్లో చోటు చూసుకుంటుంది. కాకిని కూడా తరిమికొట్టే ఆ పొరుగు ఉంటే కావలి ఖర్చు లేదు! మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. ఆడా మగా వంతులేసుకుని 14–16 రోజులు పొదుగుతాయి, మేత కూడా ఇద్దరూ తెస్తాయి. పిల్లలు 9–12 రోజుల్లో గూడు వదులుతాయి.

మగపిట్టకు తోక పూర్తిగా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈడొచ్చిన మగవాటిలో కొన్ని ఎర్రగోధుమ రంగులో, కొన్ని తెల్లగా ఉంటాయి. పూర్వం వీటిని రెండు జాతులనుకున్నారు. పొట్టితోకతోనే జతకట్టే కుర్ర మగపిట్టలు ఉంటాయి గనుక, గూటి దగ్గర రెండు గోధుమరంగు పిట్టలు కనిపిస్తే రెండూ ఆడవే అనుకోకూడదు. గొంతు చూడాలి: నల్లగా ఉంటే మగది, బూడిదరంగులో ఉంటే ఆడది.