పాపాల పట్టిక: ఒంగోలు తొలి విశ్వాసులు, నేటి సంఘం

సాక్ష్యాల కూడికలో లేచి నిలబడే విశ్వాసి మాటలను గమనించండి. తాగుడు, సిగరెట్టు, సినిమా: వీటి నుండి ప్రభువు తనను విడిపించాడంటాడు. కొన్ని పెంతెకొస్తు సంఘాలలో నగలు కూడా ఈ వరుసలో చేరతాయి. ప్రార్థన, ఉపవాసం, దశమభాగం సద్గుణాల వైపున నిలుస్తాయి. (పాపమనే మాటను ఉంచుకొని పుణ్యమనే దాని జతమాటను మన ప్రసంగాలు దాదాపు విడిచిపెట్టాయి. విశ్వాసులు మాత్రం ఇంట్లో "నీకు పుణ్యముంటుంది" అంటూనే ఉన్నారు.) ఈ పట్టిక మొదటినుండీ ఇలాగే ఉన్నదా?

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. యర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ విశ్వాసుల మధ్య ఆయన మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. క్లౌ మరణానంతరం 1914లో వెలువడిన ఆయన స్వీయచరిత్రలో ఈ సంగతి ఉన్నది.

ఇవి పైకి వ్యక్తిగత నిషేధాలు. కాని రైతు పిలిస్తే వెళ్లక తప్పని మాదిగ, వారంలో ఒక రోజు తనది కాదు, దేవునిదని చెప్పడం చిన్న విషయమా? చచ్చిన పశువు ఊరి చాకిరీకి దక్కే ప్రతిఫలాలలో ఒకటి. దానిని వద్దంటే ఆ చాకిరీ కట్టుబాటే కదులుతుంది. జాతరలో డప్పు కొట్టననడమూ అంతే. అందుకే ఊరి పెద్దలు ఆగ్రహించారు, విశ్వాసులు హింసల పాలయ్యారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందింది ఈ నేపథ్యంలోనే. అయితే ఆకలిగొన్నవాని ఆహారాన్ని పాపమనడంలో అగ్రవర్ణాల ఏవగింపు కొంత కలిసిందని కూడా ఒప్పుకోవాలి.

తరువాతి తరాలు చదువులకు, ఉద్యోగాలకు పట్టణాలు చేరాయి. ఆదివారం సెలవు దినమైంది. పాపం యజమానితో తగవు పెట్టేది కాకుండా, ఒంటరి మనిషి అలవాటుగా మారింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాను కుటుంబాలను దోచే వ్యాపారంగా చూసి ఎదిరించారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం సారాను నిషేధించింది. మన ప్రసంగాలలో మాత్రం అది తాగేవాని బలహీనతగానే మిగిలింది.

ఇక కట్నం సంగతి. 1961 నుండి చట్టం దానిని నేరమంటున్నది. సిగరెట్టు తాగినవానిని ప్రభువు బల్లకు దూరంగా ఉంచే సంఘంలోనే కట్నం మాట ఖాయమైన ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఆ ప్రార్థన చేసేది మనమే.