రెండో ఇంటర్వ్యూ, కాకినాడ, ఒక పాత మెయిలు

వచ్చే గురువారం నాకు ఇంటర్వ్యూ ఉంది. ఆరేళ్ళుగా కోడు రాసుకుంటూ, అందులో చివరి రెండేళ్ళు టీమ్ లీడ్ అనిపించుకుంటూ బతికేస్తున్నవాణ్ణి, మొదటిసారి మేనేజరు ఉద్యోగానికి వెళ్తున్నా. మొదటి రౌండు గట్టెక్కింది. ప్రాజెక్టులు, ఎస్టిమేట్లు, డెడ్‌లైన్ల గురించి అడిగారు. నోరున్నవాడికి అదేమంత కష్టం కాదు. రెండో రౌండుకి పిలుస్తూ హెచ్చార్ అమ్మాయి మాత్రం ఓ ముక్క చెప్పింది. "ఈసారన్నీ బిహేవియరల్ ప్రశ్నలేనండీ, ఉదాహరణలు రెడీ చేసుకోండి" అని.

సరే అని నెట్లో వెతికితే యాభై ప్రశ్నలూ, వాటికి యాభై జవాబులూ రెడీమేడ్‌గా దొరికాయి. "మీ టీములో సమస్య వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి" అన్నదానికి ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టిన జవాబు చదువుతుంటే నాకే ముచ్చటేసింది. బట్టీ పట్టేద్దామనుకున్నా. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివినవాడికి బట్టీ పట్టడం కొత్తా? కానీ మధ్యలో ఓ సందేహం పట్టుకుంది. అసలీ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చింది? "మీరేం చేస్తారు" అనకుండా "ఏం చేశారు" అని ఎందుకడుగుతారు? చదవాల్సింది మానేసి చరిత్ర తవ్వడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. ఈసారి తవ్వగా తవ్వగా కాకినాడ తేలింది. అందుకే ఇదంతా రాస్తున్నా.

మొదట ఎడిసన్ గారి సంగతి. తన దగ్గర ఉద్యోగాలకి వచ్చే డిగ్రీవాళ్ళకి ఆయన నూట యాభై దాకా ప్రశ్నలతో ఓ పరీక్ష పెట్టేవాడు. అన్నీ జనరల్ నాలెడ్జే. ఫలానా నది ఎక్కడుంది, ఫలానా సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇలాంటివి. 1921లో ఆ ప్రశ్నలు పత్రికలకెక్కి పెద్ద గోలయింది. అదే ఏడాది అమెరికా వెళ్ళిన ఐన్‌స్టీన్‌ని అందులోంచి ధ్వని వేగం ఎంతో చెప్పమంటే, పుస్తకాల్లో దొరికేదాన్ని నేను బుర్రలో మోయను అనేశాడట. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది అని సాఫ్ట్‌వేర్ కంపెనీలు అడిగిన కాలం గుర్తుందిగా? అది ఈ ఎడిసన్ పరీక్షకి మనవడే. ఆ పజిళ్ళ వల్ల ఏ ఉపయోగమూ లేదని, అడిగేవాడికి తాను తెలివైనవాణ్ణనిపించడం తప్ప ఇంకేం జరగదని గూగుల్‌లో ఉద్యోగుల విభాగం పెద్ద లాజ్లో బాక్ 2013లో బాహాటంగానే చెప్పాడు.

మరి మేనేజర్లని, అంటే నలుగురిచేత పని చేయించేవాళ్ళని, ఎలా ఎంచాలి? ఈ ప్రశ్న ముందుగా గట్టిగా తగిలింది సైన్యాలకి. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటిష్ వాళ్ళు ఆఫీసర్లని కాసేపు ఇంటర్వ్యూ చేసి తీసేసుకునేవాళ్ళు. ఏ బడి, తండ్రి ఏం చేస్తాడు, ఏ ఆటలాడతావు, ఇంతే. అలా వచ్చినవాళ్ళలో చాలామంది శిక్షణలోనే చేతులెత్తేస్తుంటే, జర్మన్ సైన్యం అప్పటికే వాడుతున్న పద్ధతి చూసి, 1942లో వార్ ఆఫీస్ సెలక్షన్ బోర్డులని పెట్టారు. అభ్యర్థుల్ని ఒకచోట రోజుల తరబడి ఉంచి, నాయకుడంటూ ఎవర్నీ పెట్టకుండా గుంపుకి ఓ పని అప్పగించి, ఎవరేం చేస్తారో చూసేవాళ్ళు. మరుసటేడే ఆ పద్ధతి మన దేశానికీ వచ్చింది. అదే ఎస్సెస్‌బీ. ఇంజనీరింగ్ అయ్యాక ఆ ఐదు రోజుల ముచ్చట చూసొచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఓ బొమ్మ ముప్ఫై సెకన్లు చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు గుర్తుందా? హార్వర్డ్‌లో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గన్ 1935లో బయటపెట్టిన టీఏటీ అది. ఆ బొమ్మల్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

యుద్ధం అయ్యాక ఈ పద్ధతి కంపెనీల్లోకి దూరింది. 1956లో ఏటీ అండ్ టీలో డగ్లస్ బ్రే అనే సైకాలజిస్టు 422 మంది కుర్ర మేనేజర్లని పరీక్షించి, ఎవరు పైకొస్తారో రాసిపెట్టి, ఆ కాగితాలు కంపెనీకి చూపించకుండా దాచేశాడు! చూపిస్తే పైవాళ్ళు ఆ జోస్యం చూసే ప్రమోషన్లిచ్చేస్తారు, అప్పుడిక జోస్యం ఫలించక ఏం చేస్తుంది? ఏళ్ళు గడిచాక తీసి చూస్తే అంచనా బాగానే నిలిచింది. (మన కంపెనీల అప్రైజల్ ఫారాలకి ఈ పరీక్ష పెడితే ఏమవుతుందో మీ ఊహకే వదిలేస్తున్నా.)

ఇక కాకినాడ. హార్వర్డ్‌లోనే డేవిడ్ మెక్లెలాండ్ అని ఇంకో సైకాలజిస్టు. మర్రే బొమ్మల్లాంటివే చూపించి జనంచేత కథలు రాయించి, వాటిలోంచి ఏదైనా సాధించాలన్న తపన మనిషిలో ఎంతుందో కొలిచేవాడు. ఆ తపన పుట్టుకతో రావాలా, నేర్పొచ్చా అన్నది ఆయన్ని తొలిచిన ప్రశ్న. దాన్ని తేల్చుకోడానికి 1964లో ఆయన బృందం ఎంచుకున్న ఊరు మన కాకినాడ! అక్కణ్ణుంచి దాదాపు యాభై మంది వ్యాపారస్తుల్ని హైదరాబాద్ యూసఫ్‌గూడలోని సియెట్ సంస్థకి రప్పించి, పది రోజులపాటు శిక్షణ ఇచ్చారు. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బోర్డులు వెలియడానికి మూడు దశాబ్దాల ముందే, ఆ పక్క వీధుల్లో ఇంత పెద్ద కోచింగ్ జరిగిందన్నమాట. కథలు రాయించారు, లక్ష్యాలు పెట్టుకోమన్నారు, చేసినదాన్ని లెక్క చూసుకోమన్నారు. పోలిక కోసం, శిక్షణకి వెళ్ళని వ్యాపారస్తుల్నీ, పక్కనే ఉన్న రాజమండ్రినీ గమనించారు. రెండేళ్ళ తర్వాత చూస్తే, శిక్షణకి వెళ్ళినవాళ్ళలో దాదాపు సగం మంది వ్యాపారాన్ని చెప్పుకోదగ్గట్టు పెంచారు. వెళ్ళనివాళ్ళలో అలాంటివాళ్ళు సుమారు పావు వంతు. అసలా శిక్షణకి ఒప్పుకుని వెళ్ళినవాళ్ళలో ముందే కొంత చురుకుందేమో అని వాదించొచ్చు. మనిషి మారడని కొట్టిపారెయ్యడానికి మాత్రం ఇక వీల్లేకపోయింది. 1969లో మెక్లెలాండ్, వింటర్ కలిసి దీని మీద పుస్తకమే వేశారు.

అదే మెక్లెలాండ్ 1973లో ఇంకో బాంబు పేల్చాడు. తెలివితేటల్ని కాదు, సామర్థ్యాన్ని పరీక్షించండి అంటూ ఓ వ్యాసం రాశాడు. అప్పట్లో అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగులకి పెట్టే పరీక్షలో వచ్చిన మార్కులకీ, తర్వాత విదేశాల్లో వాళ్ళు చేసే పనికీ పొంతన కనిపించలేదు. మరైతే ఏం చూడాలి? బాగా పనిచేసేవాళ్ళనీ, ఏదో నెట్టుకొచ్చేవాళ్ళనీ విడివిడిగా కూర్చోబెట్టి, నువ్వు నెగ్గిన సంఘటనలు మూడు, బోల్తాపడ్డవి మూడు చెప్పమన్నారు. అభిప్రాయాలొద్దు. ఎక్కడ జరిగింది, ఎవరేమన్నారు, అప్పుడు నీ మనసులో ఏముంది, నువ్వేం చేశావు, ఇదే వరస. దీనికి పునాది ఫ్లానగన్ అనే ఆయన యుద్ధకాలంలో పైలట్లతో మొదలుపెట్టి 1954లో రాసిన పద్ధతి. అదే ఏటీ అండ్ టీ బ్రే, బయమ్ అనే ఇంకొకాయన కలిసి 1970లో పెట్టిన సంస్థలాంటివి ఈ తరహా ఇంటర్వ్యూలని కంపెనీలకి అలవాటు చేశాయి. వచ్చే గురువారం నన్నడగబోయేది అదన్నమాట.

ఈ దారంతా చూస్తే ఓ సంగతి తెలుస్తుంది. మీ నాన్నెవరు అన్నకాడ మొదలై, నీకేం తెలుసు మీదుగా, నువ్వేం చేశావు దగ్గరికి వచ్చారు. పెద్ద కాలేజీ పేరూ, గడగడలాడే ఇంగ్లీషూ లేనివాడికి ఇందులోనే కాస్త న్యాయం ఉంది. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ముందే అనుకున్న కొలతతో మార్కులేస్తే, ఇంటర్వ్యూ ఉత్త కబుర్ల కంటే చాలా మెరుగని పరిశోధనలు కూడా చెప్తూనే ఉన్నాయి. అంతా బాగుంది. అలాంటి ప్రశ్నకి నెట్లోంచి కథ బట్టీ పట్టి వెళ్తే, నాలాంటివాడి కోసం తీసిన దారికి నేనే ముళ్ళు వేసినట్టు కాదూ?

అందుకని కాగితం తీసుకుని మెక్లెలాండ్ లెక్క ప్రకారం ఆరు సంఘటనలు రాద్దామని కూర్చున్నా. నెగ్గినవి మూడూ పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. నాలుగో దగ్గర ఆగిపోయా.

ఏడాదిన్నర కిందట, ఒక శుక్రవారం రాత్రి రిలీజు. డేటాబేస్ స్క్రిప్టు అడ్డం తిరిగి క్లయింటు సిస్టమ్ ఐదు గంటలు పడిపోయింది. మొదటి రౌండులో ఈ కథ నేను చెప్పేశాను కూడా. "టీములో ఒకళ్ళ పొరపాటు వల్ల సమస్య వస్తే, రాత్రంతా కూర్చుని సరిచేశాం" అని. వింటానికి బానే ఉంది. ఇప్పుడు "ముందు ఎవరేమన్నారు" అన్న గడి నింపబోతే ఓ మెయిలు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం మా జూనియర్ కుర్రాడు పంపాడు. రోల్‌బ్యాక్ టెస్ట్ చెయ్యలేదు, సోమవారానికి వాయిదా వేద్దామా అని. చదివాను. జవాబివ్వలేదు. రాత్రి "రన్ చేసెయ్" అన్నాను. మర్నాడు కాల్‌లో స్క్రిప్టు రన్ చేసిందెవరని క్లయింటు అడిగితే వాడి పేరు చెప్పాను. అబద్ధం కాదు, రన్ చేసింది వాడే. మెయిలు సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఏడు వాడి రేటింగు పడిపోయింది. నాలుగు నెలలకి మానేశాడు.

మా రూమ్మేటుతో అంటే నవ్వాడు. "తప్పు చెప్పుకోవడం కూడా ఓ టెక్నిక్కే రా, మార్కులు పడతాయి" అన్నాడు. నా బలహీనత పర్ఫెక్షనిజం అని చెప్పే బాపతు అనుకున్నాడు కాబోలు. అది వేరు. ఇందులో నాకు మెరుపేమీ కనపడట్లేదు.

నిన్న రాత్రి ఆ కుర్రాడికి ఫోన్ చేశా. పిచ్చాపాటీ అయ్యాక, "ఆ శుక్రవారం నువ్వు పంపిన మెయిలు నేను చదివాన్రా. కాల్‌లో చెప్పాల్సింది, చెప్పలేదు" అన్నా. కాసేపు మాట్లాడలేదు.

"చదివారని నాకు తెలుసన్నా" అన్నాడు.

తర్వాత వాడి కొత్త కంపెనీ గురించీ, ఊళ్ళో వాళ్ళు కట్టుకుంటున్న ఇంటి గురించీ ఏవో మాట్లాడుకున్నాం. మెయిలు ఊసు మళ్ళీ రాలేదు.

నాలుగో గడి ఇప్పుడు నిండింది. గురువారం ఆ ప్రశ్న వస్తే, మొదటి రౌండులో చెప్పింది సగమేనని చెప్పి, మిగతా సగం చెప్పాలనే అనుకుంటున్నా. నలుగురి మీద పెత్తనం ఇవ్వబోయేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నే అది. కాకినాడ లెక్కన మనిషి మారగలడు. కానీ వాళ్ళయినా తాము చేసింది లెక్క చూసుకున్నాకే కదా ముందుకెళ్ళింది.

ఐదూ ఆరూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. గురువారానికి ఇంకా మూడు రోజులుంది. మీరయితే ఆ సగం కూడా చెప్తారా?